మండపేటలో నేలకింద కుంపటా?

మా వీధి చివర వదినగారు ఇల్లు కట్టిస్తున్నారు. వదినగారంటే చుట్టరికం కాదు, పాతికేళ్ళ పిలుపు. గృహప్రవేశం రెండు నెలల్లోకి వచ్చేసరికి అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి ఫోనులో కనిపించి, "అమ్మా, రాళ్ళు పరిచేముందు కింద కరెంటు వేడి తీగలు వేయించు. నీ మోకాళ్ళకి మంచిది. సంక్రాంతికి మేమొస్తే పిల్లలకీ హాయిగా ఉంటుంది" అన్నాట్ట. ఆవిడ తిన్నగా మా ఇంటికొచ్చారు. "మీరు అమ్మాయి దగ్గర రెండుసార్లు ఉండొచ్చారు కదండీ, అదేవిటో కాస్త చెబుదురూ!"

చెప్పాను. అయినా కడుపుబ్బరం తీరక ఇలా రాస్తున్నాను.

ముందు దాని మంచి చెప్పకపోతే పాపం. మా అమ్మాయి మొదటి పురుడుకి చికాగో వెళ్ళినప్పుడు వాళ్ళది అద్దె ఇల్లు. కన్నాల్లోంచి వేడిగాలి ఊదే యంత్రం ఉండేది. దాని రొద, దాని దుమ్ము, ఆ పొడిగాలికి పగిలే పెదాలు! తలకి ఉక్క, కాళ్ళకి చలి. రెండో పురుడు నాటికి సొంత ఇంట్లో నేలకింద గొట్టాలు వేయించుకున్నారు. వాటిలో గోరువెచ్చటి నీళ్ళు, ఏ 35, 40 డిగ్రీలవో, తిరుగుతుంటాయి. నేల మాత్రం 29 డిగ్రీలు దాటకుండా చూస్తారు. తెల్లారి ఐదింటికి మేజోళ్ళు లేకుండా కాలు కింద పెడితే, ఎండ వాలిపోయాక మన పెరటి గచ్చుమీద కూర్చున్నట్టుంది. చప్పుడు లేదు, దుమ్ము లేదు. బయట మాత్రం గుమ్మం దాకా మంచు!

చెడూ ఉంది. పొద్దున్న మీట నొక్కితే గది వెచ్చబడేసరికి మధ్యాహ్నమౌతుంది. మందపాటి తివాచీ పరిచారా, వేడి దానికిందే ఉండిపోతుంది. ఎక్కడైనా గొట్టం కారిందంటే ఇక నేల తవ్వుకోవడమే. అయినా నెలల తరబడి గడ్డకట్టే దేశంలో ఆ ఖర్చుకి అర్థముంది. కొరియావాళ్ళు వందల ఏళ్ళ కిందటే వంటింటి పొయ్యి సెగని గది నేలరాళ్ళ కిందుగా నడిపించి, ఆ నేలమీదే కూర్చుని, అక్కడే పడుకున్నారు. దాని పేరు ఓండోల్. ఇప్పుడు వాళ్ళ అపార్టుమెంట్లలో సెగ బదులు వేడినీళ్ళ గొట్టాలు.

కిందినుంచి వేడి మనకి మాత్రం కొత్తా? బాలింతరాలి మంచం కింద నిప్పుల కుంపటి పెట్టలేదూ? నా పురిటికి మా అమ్మా పెట్టింది. నడుముకి ఎంత సుఖమో! కానీ తలుపులు బిగించిన గదిలో బొగ్గులు రాజేస్తే విషవాయువు కమ్ముతుంది, వాసన కూడా రాదు. తల్లీబిడ్డలకి ప్రాణాపాయం. అందుకే మా అమ్మాయికి నేను పెట్టలేదు. పెద్దవాళ్ళు చేశారు కదా అని అన్నీ చెయ్యక్కర్లేదు, అమెరికాలో చేస్తున్నారు కదా అనీ చెయ్యక్కర్లేదు.

మండపేటలో ధనుర్మాసంలో ఎంత వణికినా తెల్లవారుజామున ఏ 17, 18 డిగ్రీలో ఉంటుంది. తొమ్మిదయ్యేసరికి ఫ్యాను కావాలి. వైశాఖంలో చాప కూడా లేకుండా సావిట్లో గచ్చుమీద ఒళ్ళు వాల్చిన సుఖం ఎవరికి తెలియదు? చల్లగా ఉండడమే మన నేల చేసే ఉద్యోగం. దాని కింద పొయ్యి పెడతామా? పైగా ఆ తీగలు చదరపు మీటరుకి 150 వాట్ల దాకా లాగుతాయి. నాలుగు చదరపు మీటర్ల స్నానాలగదికే 600 వాట్లు, గంటా నలభై నిమిషాలకి ఒక యూనిట్టు. ఏడాదిలో ఇరవై తెల్లవారుజాములకి ఇదంతానా! తీగ తెగితే రాళ్ళు పగలగొట్టే మేస్త్రి ఖర్చు వేరే.

అయితే వదినగారి కాళ్ళకి చలి అబద్ధమా? కాదు. దాని కారణం రాళ్ళ లారీలో వచ్చి గుమ్మం ముందు దిగింది. అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు! ఒకే గదిలో ఒక చెయ్యి చెక్కపీట మీదా, ఒకటి గ్రానైటు మీదా పెట్టి చూడండి. రెండూ ఉన్న వేడి ఒకటే. కానీ రాయి మన ఒంటి వేడిని చెక్కకంటే చాలా జోరుగా లాగేస్తుంది. మా అత్తగారు పీట లేకుండా నేలమీద కూర్చునేవారు కాదు. మడి అనుకునేదాన్ని. చలికాలంలో నేనూ పీట వెతుక్కున్నాకగానీ తెలిసిరాలేదు. ఎర్రగచ్చూ చల్లనిదే, కానీ ఇంతలా లాగేది కాదు, తడిసినా ఇంతలా జారేది కాదు. పాతింట్లో నలభై ఏళ్ళ ఎర్రగచ్చుని పలుగులతో పొడిపించి మరీ ఈ నున్నటి రాళ్ళు తెచ్చారు.

ఎవరు తెచ్చారూ? అన్నయ్యగారూ, ఇంజనీరుగారూ, ఫోనులో కొడుకూ. ముగ్గురూ చెప్పులేసుకుని రాళ్ళ దుకాణంలో మెరుపు చూశారు. దానిమీద రోజుకి పన్నెండు గంటలు వట్టికాళ్ళతో నిలబడేది ఎవరు? తడిగుడ్డ పెట్టేది ఎవరు? తడిమీద జారి తుంటి విరగ్గొట్టుకునేది ఎవరు? జాకెట్టుగుడ్డ కొనాలన్నా మనం చేత్తో తడిమి చూస్తామే, జన్మంతా తిరగాల్సిన నేలని మన కాలికి ఒక్కసారి తాకించి చూపించరేం? రాయి ఎంపికలో అడగరు. చలేస్తోందంటే మాత్రం రాతికింద కరెంటు పెడతామంటారు. ఇదేం వైద్యమమ్మా!

ఇదంతా విని వదినగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి, "హాల్లో వాళ్ళిష్టమే వేసుకోనీండి. వంటిల్లూ, స్నానాలగదీ, నా పడగ్గదీ గరుకు పలకలే వేయిస్తాను. మంచం పక్కన జంపఖానా వేసుకుంటాను" అన్నారు. కొడుక్కి ఆ రాత్రే చెప్పేశారు. వాడు కాస్త నొచ్చుకున్నాట్ట. అన్నయ్యగారైతే, దిగిన రాళ్ళు దుకాణంవాడు వెనక్కి తీసుకోడని ఎగురుతున్నారుట.

రేపు ఇద్దరం ఆ దుకాణానికి వెళుతున్నాం. ఆవిడ చెప్పులు గుమ్మంలోనే విప్పేసి, ఒక్కో పలకమీదా నిలబడి చూస్తారుట. ఒక చెంబుతో నీళ్ళు కూడా పట్టుకెళ్ళమన్నాను.