మంచి మనిషి అని రాసి ఊరుకున్నాను

యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ దగ్గర ఒక టిఫిన్ సెంటర్ పైన ఉండేది మా పాత ఆఫీసు. పొద్దున మెట్లెక్కుతుంటే సాంబారు వాసన కూడా మనతోపాటే పైకొచ్చేది. మొత్తం 60 మందిమి. అందులో ఒకావిడ పేరు మెయిల్స్‌లో ఎప్పుడూ సీసీలోనే కనబడేది. మా ఎండీ గారి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం.

ఆవిడ పనేంటని అప్పట్లో ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పేవాణ్ని. క్యాలెండర్ చూస్తుంది, టికెట్లు బుక్ చేస్తుంది, బర్త్‌డేకి కేకు తెప్పిస్తుంది. అంతే.

ఒక వేసవిలో వాళ్లమ్మకి ఆపరేషనని అక్క రెండు వారాలు సెలవు పెట్టింది. మూడో రోజుకే ఇద్దరు క్లయింట్లు ఒకే టైముకి వచ్చి, మా రిసెప్షన్‌లో ఉన్న ఒకే ఒక్క సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరివీ పోటీ కంపెనీలు. నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది. తర్వాత జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. ఇంటర్న్‌ల స్టైపెండ్ ఫైలు ఎండీ సంతకం కోసం టేబుల్ మీదే ఉండిపోయింది. గుర్తు చేయాల్సింది ఎవరో ఎవరికీ తెలీదు. హాస్టల్ ఫీజు కట్టలేక ఒక కుర్రాడు మొహమాటపడుతూనే నా దగ్గర 3 వేలు అప్పు తీసుకున్నాడు.

అక్క తిరిగొచ్చిన రెండో రోజుకి ఫైలు మీద సంతకం పడింది. ఎలా అని అడిగాను.

‘‘సోమవారం పొద్దున సార్‌కి డబ్బుల ఫైలేదీ చూపించను తమ్ముడూ. బ్యాంకులో ఎంతుందో అకౌంట్స్ వాళ్లు చెప్పేది మధ్యాహ్నానికి. అప్పటిదాకా ఏం పెట్టినా తర్వాత చూద్దాం అంటారు. ఒక్కసారి తర్వాత అన్నారంటే ఇక వారం పోయినట్టే’’ అంది. అలాంటివి ఆవిడ బుర్రలో ఓ వంద ఉన్నాయి. ఏ క్లయింట్ ఫోన్‌లో ఒప్పుకుంటాడు, ఎవరికి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, ఏ మెయిల్‌కి అరగంటలో జవాబు పోకపోతే గొడవవుతుంది... పెద్ద డీల్ ఉంటే ముందు అవతలి బాస్ అసిస్టెంట్‌తో మాట్లాడేది. సార్లిద్దరూ చేతులు కలిపే టైముకి సగం సంగతులు వీళ్లిద్దరి ఫోన్‌లోనే తేలిపోయి ఉండేవి.

మన ప్రైవేటు ఆఫీసులకే ఇది కొత్తగానీ, సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఎప్పుడో తెలుసు. సెక్రటేరియట్‌లో పనుందంటే మొదట అడిగేదేంటి? ‘పేషీలో ఎవరైనా తెలుసా?’ అనే కదా. (ఆ పరిచయాలు ఎక్కడెక్కడికి దారితీస్తాయో వేరే కథ, ఇక్కడొద్దు.) ఇంకా వెనక్కి వెళ్తే కృష్ణదేవరాయల కొలువులో రాయసం కొండమరుసయ్య కనిపిస్తాడు. రాయసమంటే రాజు మాటని రాతలో పెట్టే ఉద్యోగం. 1514లో ఉదయగిరి కోట చేజిక్కాక అక్కడి పాలన చూసినవాళ్లలో ఆయనొకడు. రాసేవాడికి రాజ్యం గుట్టంతా తెలుస్తుందని రాయలవారికి ఎవరూ స్లైడ్లేసి చెప్పాల్సిన పనిలేకపోయింది. రాయసం అనే ఇంటిపేరు ఇప్పటికీ ఉంది.

మా యూసుఫ్‌గూడలోనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉంది. ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అంటున్నారు, 1962లో హైదరాబాద్ వచ్చినప్పుడు సియెట్ అనేవారు. 1964లో కాకినాడ వ్యాపారుల్ని ఇక్కడికి రప్పించి, అమెరికన్ సైకాలజిస్టు డేవిడ్ మెక్లెల్లాండ్ ఆలోచన ప్రకారం శిక్షణిచ్చారు. సాధించాలన్న కసి నేర్పితే వస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నాకో అనుమానం: ఓనర్ల కసి మీద పుస్తకాలొచ్చాయి సరే, ఆ కసిని పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా గంటలుగా విడగొట్టి పని చేయించేవాళ్ల మీద ఎన్నొచ్చాయి?

సరే, అసలు విషయానికొస్తా. ఆ ఏడాది అప్రైజల్‌లో అక్క గురించి టీమ్ లీడ్‌లందరినీ ఫీడ్‌బ్యాక్ రాయమన్నారు. నేను మెట్రోలో నిలబడి, ఫోన్‌లో ఇలా రాసి పంపాను: ‘చాలా మంచి మనిషి. అందరికీ సాయం చేస్తారు.’ మిగతావాళ్లూ దాదాపు అదే రాశారట. సపోర్ట్ స్టాఫ్ అనే గడిలో వేసి, జీతం అందరికన్నా తక్కువ పెంచారు.

అక్క ఆ ప్రింటవుట్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చింది. ‘‘మంచిదాన్నని మా అత్తగారు కూడా ఒప్పుకుంటుంది తమ్ముడూ. దానికి జీతం పెరగదు. నేనేం చేశానో ఒక్క లైను రాయలేకపోయావా?’’

నాకు నోట మాట రాలేదు. స్టైపెండ్ ఫైలు సంగతి నాకు తెలుసు. సోమవారం సంగతి నాకు తెలుసు. రాయాలని తట్టలేదు, అంతే. రెండు నెలలకి ఆవిడ మాదాపూర్‌లో ఇంకో కంపెనీకి వెళ్లిపోయింది.

అందుకే అడుగుతున్నా, మీ ఫోన్‌కి అలాంటి ఫారం వచ్చినప్పుడు ఆ ‘మంచి’ అనే మాట పక్కన పెట్టండి. ఫలానా వారం ఫలానా పని ఆగిపోయేది, ఈవిడ ఇలా చేస్తే ఆగలేదు, ఆగి ఉంటే ఇంత పోయేది. ఈ మూడు ముక్కలు రాయండి చాలు. మీరే ఆ కుర్చీలో ఉంటే శుక్రవారం సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చుని మీకు మీరే వాట్సాప్ చేసుకోండి. మార్చికొచ్చేసరికి మీరు చేసింది మీకే గుర్తుండదు, ఇక మాలాంటివాళ్లకేం గుర్తుంటుంది!

పోయిన నెల లింక్డ్‌ఇన్‌లో అక్కకి రికమెండేషన్ రాశాను. ఆలస్యంగానే. స్టైపెండ్, సోమవారం, సోఫా... ఏదీ వదల్లేదు. రాత్రి మెసేజ్ వచ్చింది: ‘‘థాంక్స్ తమ్ముడూ. చిన్న కరెక్షన్. వాళ్లిద్దరూ వచ్చింది మూడో రోజు కాదు, నాలుగో రోజు. గురువారం.’’

ఆ గురువారం ఆవిడ హాస్పిటల్లో వాళ్లమ్మ పక్కన ఉంది.