వెళ్ళి రమ్మన్న మాట

గడచిన వేసవిలో ఒక సాయంకాలం మేము మా కాలనీలోనే ఉన్న ఒక మిత్రుని క్వార్టర్సుకు వెళ్ళాము. రాయపూర్ ఎండ అప్పటికి కొంత తగ్గుముఖం పట్టినా, కూలరు ఇంకా హోరుమంటూనే ఉన్నది. వారి అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చుని వీడియో గేము ఆడుతున్నాడు. విజయనగరంలో రైలెక్కి వేసవికి కొడుకు ఇంటికి వచ్చిన నానమ్మ, వెనుక చాపమీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ, మధ్య మధ్య తెరవైపు చూస్తున్నది.

తెరమీద కథ చివరి ఘట్టానికి వచ్చినట్లున్నది. ఒక యువకుని దేహం కొంచెం కొంచెంగా పారదర్శకమై మాయమైపోతున్నది. ఒక యువతి అతనివైపు తిరగకుండానే నిలబడి ఒక్క మాట అన్నది. అతడు వెనుకనుండి ఆమెను ఒక్కసారి దగ్గరకు తీసుకొని, ఆమెను దాటి ముందుకు సాగిపోయాడు.

"ఏటంటందిరా ఆ గుంట?" అని నానమ్మ అడిగింది.

ఆ యువతి అన్నమాట ఇంగ్లీషులో "ఐ లవ్ యూ". పదమూడేళ్ళ పిల్లవాడు ఆ మాటను నానమ్మకు తెలుగులో ఎట్లా చెప్పగలడు? వాని చెవులు ఎర్రబడ్డాయి. క్షణకాలం తటపటాయించి, "వెళ్ళి రా అంటోంది నానమ్మా" అన్నాడు.

"ఐతే మరొస్తాడు" అని ఆమె తిరిగి తన చింతపండు పనిలో పడింది.

మేమందరం నవ్వుకున్నాము. కాని ఆ ఆటను గురించి తరువాత విచారించి తెలుసుకొన్నప్పుడు, నవ్వినందుకు కొంత సిగ్గుపడవలసి వచ్చింది. ఆ సంగతే ఈ నెల మా పాఠక మిత్రులతో ముచ్చటించదలచాము.

ఆ ఆట పేరు "ఫైనల్ ఫాంటసీ". ఈ వరుసలో పదవది 2001లో జపానులో వెలువడింది. దానికి కొనసాగింపుగా "పది-రెండు" అనే పేరుతో మరొకటి 2003లో వచ్చింది. రెండింటినీ కొత్త హంగులతో కలిపి కంప్యూటరుకు 2016లో అందించారు. మా మిత్రుని కుమారుడు ఆడుతున్నది అదే. ఇటువంటి వాటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. వీటిలో గురిచూసి కాల్చడంకంటె కథ ముఖ్యం. ఆటగాడు ఒక పాత్రను ధరించి ఊరూరా తిరుగుతాడు, కనిపించినవారితో మాట్లాడతాడు, పదుల గంటలపాటు కథను తానే నడిపిస్తాడు. మన పెద్దలు నెల పొడుగునా కూర్చుని పురాణ కాలక్షేపం వినేవారే, ఇంచుమించు ఆ పద్ధతి. ఇందులో మాటే ప్రాణం గనుక, మాట మారితే ఆటే మారుతుంది.

ఈ వరుసలో మొదటిది 1987లో స్క్వేర్ అనే సంస్థ తయారు చేసింది. అది ఇంగ్లీషులో అమెరికాకు చేరేసరికి 1990 అయింది. జపానులో 1988లో వచ్చిన రెండవది, 1990లో వచ్చిన మూడవది ఆ రోజుల్లో సముద్రం దాటలేదు. 1991లో నాలుగవది దాటింది. అమెరికావారికి అది రెండవదే కనుక దానికి "2" అని పేరు పెట్టి అమ్మారు. 1992 నాటి అయిదవది మళ్ళీ జపానులోనే ఉండిపోయింది. 1994లో ఆరవది "3" అనే అంకెతో అక్కడికి వెళ్ళింది. 1997లో వచ్చిన ఏడవదానికి మాత్రం అసలు అంకె అయిన 7నే ఉంచారు. మూడు తరువాత ఒక్కసారిగా ఏడు కనిపించేసరికి అమెరికా పిల్లలు నడుమ మూడూ ఏమైనవని విస్తుపోయారట. మన ఆఫీసు భాషలో చెప్పవలెనంటే, ఫైలు నంబరు మార్చి, పాత నంబరు ఎక్కడా నమోదు చేయకపోవడమన్నమాట. అదృష్టవశాత్తు ఆ సంపుటాలలో ఏ కథకు ఆ కథే. లేకుంటే రామాయణంలో బాలకాండ తరువాత సుందరకాండ చదివినట్లుండేది.

అంకె మార్చడం తేలిక. కథను మార్చడమే కష్టం. ఆరవదానిని ఇంగ్లీషులోకి తెచ్చినవారు టెడ్ వూల్సీ. జపనీస్ సాహిత్యం చదువుకొన్నవారు. ఆయనకు దొరికిన గడువు సుమారు 30 రోజులు. గడువు ఒక్కటే చిక్కు కాదు, చోటు కూడా చిక్కే. ఆ ఆట మొత్తం, అంటే బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ కలిపి, మనం ఆ రోజుల్లో కేసెట్ అని పిలిచిన ప్లాస్టిక్ డబ్బాలో 3 మెగాబైట్లలో ఇమడవలసి ఉన్నది. నేడు మన చేతిలోని ఫోను తీసే ఒక్క ఫొటోకే అంతకంటె ఎక్కువ చోటు పట్టడం కద్దు.

జపనీస్ భాషకు ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. వారి కానా లిపిలో ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క ధ్వని సముదాయానికి నిలుస్తుంది. మన "క" వలెనే వారి "క" కూడా ఒకే గడిలో కూర్చుంటుంది. అసలు వారి అక్షరాల వరుసకు మూలం మన దేశమే. బౌద్ధంతోపాటు వెళ్ళిన సంస్కృత వర్ణక్రమాన్ని అనుసరించి అ, క, స, త, న అని వారు తమ అక్షరాలను పేర్చుకొన్నారు. దీనికి తోడు చైనా నుండి తెచ్చుకొన్న అక్షరాలలో ఒక్కొక్కటి ఒక పూర్తి మాటతో సమానం. ఇంగ్లీషుకు ఈ వసతి లేదు. జపనీసులో నాలుగు గడులలో పట్టే మాట ఇంగ్లీషులో పది పన్నెండు గడులు ఆక్రమిస్తుంది. నిప్పు మంత్రానికి జపనీసులో ఫైయా, ఫైరా, ఫైగా అని మూడు మెట్లుంటే, ఇంగ్లీషులో ఫైర్, ఫైర్ 2, ఫైర్ 3 అని సరిపెట్టుకొన్నారు. సంభాషణలను సైతం కుదించి, తగ్గించి, కొన్నిచోట్ల తీసివేయవలసి వచ్చింది. పైగా ఆ యంత్రాన్ని అమ్మే నింటెండో సంస్థకు అమెరికాలో కట్టుబాట్లుండేవి. మతానికి సంబంధించిన మాటలు, మద్యం ప్రస్తావనలు కూడవు. అందుచేత "హోలీ" అనే మంత్రం "పెర్ల్" అయింది. సారా దుకాణాలు కాఫీ హోటళ్ళయ్యాయి.

ఇంత ఇరుకులోనూ వూల్సీ చేసిన రెండు పనులు చెప్పుకోదగినవి. కథానాయిక పేరు జపనీసులో టీనా. అది జపాను చెవికి విదేశీయంగా, వింతగా వినిపించే పేరు. అమెరికాలో మాత్రం టీనా పక్కింటి పిల్ల. అందుకని ఆమెకు టెర్రా అని పేరు మార్చారు. పేరు మారింది, ఆ పేరు వినగానే కలిగే వింత మారలేదు. ఇక రెండవది, ప్రతినాయకుని తిట్టు. ఇంగ్లీషులో తిట్టు మొదలుపెట్టే ధోరణిలోనే మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి "సబ్‌మెరీన్ నావికుని కొడుకా" అనే అర్థం వచ్చే మాటతో ముగించారు. కట్టుబాటూ దాటలేదు, కోపమూ తగ్గలేదు. మన తెలుగు ఇళ్ళలో నోటిదాకా వచ్చిన తిట్టును మింగి "నీ ఇల్లు బంగారం కానూ" అంటారే, అదీ ఈ విద్యే. తరువాత 2007లో అదే ఆటకు మరొకరు మరింత విపులంగా ఇంగ్లీషు చేసినప్పుడు కూడా ఆ తిట్టును మాత్రం కదపలేదు.

ఇప్పుడు నానమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాము. పదవ ఆట వచ్చేనాటికి కేసెట్టు పోయి డిస్కు వచ్చింది. చోటుకు కొరత లేదు. కాని కొత్త చిక్కు వచ్చిపడింది. ఈ వరుసలో పాత్రలు నోరు తెరిచి మాట్లాడినది ఆ ఆటలోనే మొదలు. జపనీసులో మాట ఎన్ని క్షణాలు పట్టిందో ఇంగ్లీషు మాట కూడా దాదాపు అన్ని క్షణాలలోనే ఒదగాలి. మన డబ్బింగు సినిమాలవారికి తెలిసిన కష్టమే ఇది. ఆ ఇంగ్లీషు సేత ముఖ్యంగా అలెగ్జాండర్ స్మిత్ అనే అనువాదకునిది.

ఆ చివరి ఘట్టంలో నాయిక యూనా జపనీసులో అన్నమాట "అరిగతో". అంటే కృతజ్ఞతలు చెప్పడం. దాని మూలార్థం "దొరకుట దుర్లభము" అని. జపానులో ప్రేమిస్తున్నానని పైకి చెప్పుకోవడం అరుదు. అందుచేత తనను కాపాడి, తనకోసమే అదృశ్యమవుతున్నవానితో ఆమె చెప్పిన ఆ కృతజ్ఞతలోనే జపాను ప్రేక్షకులకు ప్రేమా, శోకమూ, సర్వమూ వినిపించాయి. అదే చోట ఇంగ్లీషులో "థాంక్యూ" అంటే ఏమవుతుంది? కిరాణా కొట్టులో చిల్లర తీసుకొని అనేమాట అవుతుంది. స్మిత్ ఆలోచించి "ఐ లవ్ యూ" అని వ్రాశారు. అది సరియా కాదా అని ఆటగాళ్ళు నేటికీ వాదించుకొంటూనే ఉంటారు. ఆమె గుండెలో ఉన్నది అదేనని కొందరు, ఆమె చెప్పకుండా దాచుకొన్నదానిని చెప్పించి చులకన చేశారని కొందరు.

మరి తెలుగులో అయితే? "ధన్యవాదములు" సభలో వందన సమర్పణకు పనికి వస్తుంది. ఇంట్లోవారికి ఎవరూ చెప్పరు. "నిన్ను ప్రేమిస్తున్నాను" సినిమా తెరదాటి వంటింటిదాకా ఇంకా రాలేదు. ప్రాణప్రదమైనవారు గడప దాటుతుంటే మనం అనేది ఒక్కటే. పోయేవాడు "వెళ్తున్నాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. ఉండేవారు "వెళ్ళిరా" అనాలి. రాడని తెలిసినా అదే అనాలి. పదమూడేళ్ళ పిల్లవాడు సిగ్గుపడి తప్పించుకొన్నాడని మేము నవ్వాము. కాని వాడు తనకు తెలియకుండానే, ఇద్దరు పండితులు తలలు బద్దలు కొట్టుకోదగిన చోట ఇంటిమాటను పట్టుకొన్నాడు.

ఈ ముచ్చట ఆటలకే పరిమితమైతే ఇంత చెప్పేవారము కాము. మన ఉద్యోగాలలో అనువాదం లేని దినం లేదు. 1963 నాటి అధికార భాషల చట్టం ప్రకారం సాధారణ ఉత్తర్వులు హిందీలోనూ ఇంగ్లీషులోనూ జారీ కావాలి. 1976 నాటి నియమాలలో రాయపూర్ "క" క్షేత్రంలోనిది, మన ఆంధ్ర దేశం "గ" క్షేత్రంలోనిది. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకు కూర్చుని హిందీ నేర్చుకొన్నవారు మా పాఠకులలో ఎందరో ఉన్నారు. అయినా అనువాదకుని బల్లమీదకు సర్క్యులరు సాయంత్రం నాలుగింటికి వస్తుంది, అయిదింటికి కావాలంటారు. వూల్సీగారికి 30 రోజులైనా ఇచ్చారు.

ఒకసారి ఒక హెచ్చరిక బోర్డు పాఠాన్ని హిందీ చేసే పని మాకే వచ్చింది. విద్యుత్ సరఫరా నిలిపిన తరువాతనే పని ఆరంభించవలెనన్నది విషయం. నిఘంటువు తెరచి "విద్యుత్ ఆపూర్తి కే పృథక్కరణ్ కే ఉపరాంత్" అని మొదలుపెట్టి నిర్దుష్టంగా వ్రాసి, మనసులో భుజం తట్టుకొన్నాము. బోర్డు పెట్టిన మరునాడు ఒక ఛత్తీస్‌గఢీ కూలీ దానిముందు నిలబడి "ఏమా కా లిఖాయ్ హే?" అని అడిగాడు. ఇందులో ఏం వ్రాసి ఉన్నదని ప్రశ్న. అక్కడి మేస్త్రీ బోర్డువైపు చూడకుండానే "పహిలీ లైన్ బంద్, తేకర్ బాద్ కామ్" అన్నాడు. ముందు లైను ఆపు, ఆ తరువాత పని. బోర్డును ఆ మాటలతోనే తిరిగి వ్రాయించాము. మా మొదటి వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కాని దానిని చదవవలసినవాని ప్రాణం దానిమీద ఆధారపడి ఉన్నదన్న సంగతి మేము మరిచాము. నానమ్మ మొగం చూసి మాట ఎన్నుకొన్న పిల్లవాడు ఆ పొరపాటు చేయలేదు.

మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఆటస్థలంలో ఛత్తీస్‌గఢీ మాట్లాడి ఇంటికి వచ్చి తెలుగులో అన్నం అడుగుతారు. వారికి తెలుగు చదవడం రాదని మనం దిగులుపడతాము. ఆ దిగులు నిష్కారణం కాదు. ఊరినుండి వచ్చిన ఉత్తరాన్ని తాను చదవలేక తండ్రికి అందించిన పిల్లలను మేమెరుగుదుము. అయితే తెలుగు వాచకంలో మాత్రమే లేదు. "ఏమంటున్నదిరా" అని అడిగే పెద్దలు పక్కన ఉండి, దానికి బదులు చెప్పే ఓపిక పిల్లలకు ఉన్నంతవరకు అది రోజూ కొత్తగా పుడుతూనే ఉంటుంది. అడిగేవారు లేని ఇంట్లో ఆ పిల్లవానికి "వెళ్ళి రా" అనే మాట వెదికే అవసరమే కలిగేది కాదు.

చివరిగా ఒక్క సంగతి. ఆటల వరుసలో ఒక కథకు మరొక ఆటలో నేరుగా కొనసాగింపు రావడం ఆ "పది-రెండు"తోనే మొదలు. అందులో రెండేళ్ళు గడిచిన తరువాత యూనా, అతనివలె ఉన్న ఒకని దృశ్యాన్ని చూసి వెదకుతూ బయలుదేరుతుంది. ఆ కథకు ముగింపులు పలు విధాలు. ఆటగాడు శ్రద్ధగా ఆడి, ఆగవలసినచోట ఆగి, వినవలసినది వింటే, అతడు తిరిగి వస్తాడు.

ఈ సంగతి తెలియగానే మిత్రుని ఇంటికి వెళ్ళి నానమ్మకు చెబుదామనుకొన్నాము. సెలవులు ముగిసి ఆమె అప్పటికే విజయనగరం వెళ్ళిపోయిందట. రైలు కదులుతుండగా మనుమడు కిటికీ పక్కన నడుస్తూ ఏమన్నాడో మేము అడగలేదు. అడగవలసిన పని లేదు.

మా పాఠకుల పిల్లలకు ఒక మనవి. మీరు ఆడే ఆటలోనో చూసే బొమ్మల కథలోనో మీకు నచ్చిన ఒక్క మాటను ఎంచుకొని, మీ ఇంటిలోని పెద్దలకు తెలుగులో చెప్పండి. ఏమి చెప్పారో, వారేమన్నారో ఒక కార్డుముక్కమీద వ్రాసి మాకు పంపండి. తెలుగు లిపి రానివారు అమ్మచేతనో నాన్నచేతనో వ్రాయించవచ్చు. వచ్చిన వాటిని ఈ పుటలోనే ప్రకటిస్తాము.