తరలించేది పుస్తకాలనేనా?

2013 సెప్టెంబరు 3న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో కొత్త గ్రంథాలయ భవనాన్ని మలాలా యూసఫ్‌జాయ్ ప్రారంభించింది. ఆడపిల్లలకు చదువు కావాలన్నందుకు తాలిబాన్ల తూటా తగిలి, అదే నగరంలోని ఆసుపత్రిలో చికిత్స పొంది బతికి బయటపడిన పదహారేళ్ళ పిల్ల. యూరప్‌లోని పౌర గ్రంథాలయాల్లోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఆ భవనానికి దాదాపు 18 కోట్ల 90 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ఇంతకన్నా మనకు సంతోషం కలిగించే దృశ్యం ఏముంటుంది? కానీ 2015లోనే ఆ గ్రంథాలయం తెరిచివుండే సమయాన్ని వారానికి 73 గంటల నుంచి 40 గంటలకు తగ్గించారు. అక్కడ పనిచేసే 188 మందిలో సుమారు వందమంది ఉద్యోగాలు పోతాయని అంతకు ముందే ప్రకటించారు. భవనం కట్టడానికి దొరికిన డబ్బు, దాని తలుపులు తెరిచి వుంచడానికి దొరకలేదు.

ఎక్కడో వున్న బర్మింగ్‌హామ్ గురించి మన పత్రికలో సంపాదకీయం ఎందుకని మీరు అడగవచ్చు. మన పట్టణాల్లో పాత గ్రంథాలయాలు ఎక్కడ వున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. చాలావరకు బస్టాండు దగ్గరో, పెద్ద బజారులోనో, మున్సిపల్ ఆఫీసు పక్కనో వుంటాయి. కట్టినప్పుడు ఆ స్థలానికి పెద్ద విలువ లేదు. ఇవాళ గజం లెక్కన కొలిస్తే అధికారుల కళ్ళు, కాంట్రాక్టర్ల కళ్ళు దాని మీదే వుంటాయి. సుందరీకరణ, రోడ్డు వెడల్పు, షాపింగ్ కాంప్లెక్సు - పేరు ఏదైనా, ముందుగా కదిలేది గ్రంథాలయమే. ఎదురు తిరిగే వాళ్ళు తక్కువ కాబట్టి. 'తాత్కాలికంగా' అన్న మాటతో మూటలు కట్టిన పుస్తకాలు ఏ అద్దె గదిలోనో ఏళ్ళ తరబడి విప్పకుండానే వుండిపోతాయి.

బర్మింగ్‌హామ్ పాత గ్రంథాలయం 1974లో తెరిచినది. నగర కేంద్రాన్ని పునరుద్ధరించే పథకంలో దాన్ని ఖాళీ చేయించి, 2016లో కూల్చారు. ఆ జాగా ఆఫీసులకు, హోటలుకు పోయింది. తరలింపును సమర్థించిన వాళ్ళ వాదన చిన్నదేమీ కాదు. కొత్త భవనం వస్తుంది, నగరానికి పెట్టుబడులు వస్తాయి, ఆ సంపద అందరికీ పంచబడుతుందన్నారు. ఆ పంపకం ఎలా జరిగిందన్నదే మనం చూడవలసిన విషయం.

ఆ నగర కౌన్సిల్ చరిత్రలో మరో కథ వుంది. స్కూళ్ళలో వంట చేసే స్త్రీలు, గదులు శుభ్రం చేసే స్త్రీలు, వృద్ధులను చూసుకునే స్త్రీలు కౌన్సిల్ ఉద్యోగులే. వాళ్ళతో సమానమైన గ్రేడులో వున్న చెత్త ఎత్తే, వీధులు శుభ్రం చేసే మగవాళ్ళకు బోనసులు వచ్చేవి, వీళ్ళకు రాలేదు. స్త్రీలు కోర్టుకు వెళ్ళారు. ఉద్యోగం మానేసి ఆరునెలలు దాటిన వాళ్ళు కూడా ఆరేళ్ళ వరకూ మామూలు సివిల్ కోర్టుల్లో దావా వేయవచ్చని 2012 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో తన ఖర్చులకు తగిన ఆదాయం లేదని కౌన్సిల్ అధికారికంగా ప్రకటించింది. సమాన వేతనం బాకీ 65 నుంచి 76 కోట్ల పౌండ్ల దాకా వుండవచ్చని అప్పట్లో అంచనా చెప్పింది. పనిచేయని కొత్త కంప్యూటర్ వ్యవస్థ మీద పోసిన డబ్బు, ఏళ్ళ తరబడి కేంద్ర ప్రభుత్వం కోసిన నిధులు కూడా ఆ దివాలాకు కారణాలే. కానీ జనంలో నిలిచిపోయిన మాట 'ఆడవాళ్ళ జీతాలు నగరాన్ని ముంచాయి' అన్నదే. ఆ తర్వాత వచ్చిన పొదుపు ప్రతిపాదనల్లో పేటల్లోని చిన్న గ్రంథాలయాలు కూడా వున్నాయి.

ఈ మాటను మనం తిరగేసి చదవాలి. ఆ స్త్రీల వేతనంలోంచి ఏళ్ళ తరబడి మిగుల్చుకున్నది కౌన్సిలే. అది వాళ్ళకు చెందవలసిన బాకీ. బాకీ అడిగిన వాళ్ళను దోషులుగా నిలబెట్టి, ఆ లోటును పూడ్చడానికి అదే స్త్రీలు, వాళ్ళ పిల్లలు వాడుకునే గ్రంథాలయాల వైపు చేయి చాపడంలో న్యాయం ఎక్కడుంది? నగరం మెరిసేటప్పుడు స్త్రీల శ్రమ కనపడదు, నగరం కుంగినప్పుడు మాత్రం స్త్రీల హక్కే కనపడుతుంది.

అయితే అక్కడి వ్యవస్థలో మనం నేర్చుకోవలసింది కూడా వుంది. 2000 సంవత్సరపు స్థానిక పాలన చట్టం ప్రకారం, నిర్ణయాలు తీసుకునే కేబినెట్ ఒకటి వుంటే, ఆ నిర్ణయాలను ప్రశ్నించే స్క్రూటినీ కమిటీ వేరే వుంటుంది. కేబినెట్‌లో వున్న వాళ్ళు అందులో కూర్చోరు. తీసుకున్న నిర్ణయం అమలయ్యేలోగా దాన్ని వెనక్కి పిలిపించి, అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, మళ్ళీ ఆలోచించమని చెప్పే అధికారం ఆ కమిటీకి వుంది. నిర్ణయాన్ని రద్దు చేసే అధికారం మాత్రం లేదు. అందుకే చాలాసార్లు అది తతంగంగా ముగుస్తుంది. కానీ ఆ ప్రశ్నలు, జవాబులు రికార్డులో వుంటాయి. జనం కోర్టు మెట్లెక్కినప్పుడు అలాంటి రికార్డే చేతికి ఆధారమవుతుంది.

2009లో విరల్ అనే చోట స్థానిక కౌన్సిల్ తన ఆస్తులన్నిటినీ సమీక్షించే పేరుతో 24 గ్రంథాలయాల్లో 11 మూయాలనుకుంది. ప్రభుత్వం విచారణ జరిపించింది. స్థానికుల అవసరాలేమిటో, ముఖ్యంగా పిల్లల అవసరాలేమిటో అంచనా వేయకుండానే నిర్ణయం తీసుకున్నారని, ఇది 1964 గ్రంథాలయాల చట్టాన్ని ఉల్లంఘించడమేనని విచారణ తేల్చింది. కౌన్సిల్ వెనక్కి తగ్గింది. 2011 నవంబరులో గ్లోస్టర్‌షైర్, సోమర్‌సెట్ కౌన్సిళ్ళు తలపెట్టిన గ్రంథాలయ కోతలను హైకోర్టు కొట్టేసింది. బలహీన వర్గాల మీద వాటి ప్రభావం ఎలా వుంటుందో సమానత్వ చట్టాలు చూడమన్నంతగా చూడలేదన్నది కారణం. గమనించండి: గ్రంథాలయం మూయకూడదని కోర్టు అనలేదు. ఎవరికి ఏం నష్టమో తెలుసుకోకుండా మూయకూడదంది.

తరలింపు అనగానే వద్దు అనడం మన వైఖరి కాకూడదు. తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో 1892 నాటి గ్రంథాలయాన్ని 2005లో మూసి, సంత జరిగే వీధిలోనే 'ఐడియా స్టోర్' పేరుతో కొత్తది తెరిచారు. అందులో పుస్తకాలతో పాటు వయోజన విద్య తరగతులు పెట్టారు. బంగ్లాదేశీ కుటుంబాలు ఎక్కువగా వుండే ప్రాంతం అది. గ్రంథాలయాన్ని ఎక్కడ పెడితే మీరు వస్తారని ముందుగా జనాన్ని అడిగారు. బజారు పనుల మీద వెళ్ళే దారిలో వుండాలన్నారు జనం. సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళే స్త్రీకి ఆ మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పాత గోడల మీద మనకు వ్యామోహం లేదు. ఎవరి నడక దారిని బట్టి చోటు నిర్ణయించారన్నదే ప్రశ్న.

ఆ నడక దారి గురించి నాకు చదువుకున్న సోషియాలజీ కన్నా ముందే తెలుసు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయాన్ని బజారు నుంచి ఊరి చివర కొత్త భవనానికి మార్చారు. కొత్తది బాగుంది, ఫ్యాన్లు కూడా వున్నాయి. మా అన్నయ్య సైకిలు మీద వెళ్ళేవాడు. సాయంత్రం ఆరయ్యాక ఆ రోడ్డున ఆడపిల్ల ఒంటరిగా రాకూడదని మా అమ్మ అంది. నన్ను ఎవరూ గ్రంథాలయానికి వెళ్ళొద్దనలేదు, దాన్ని దూరం జరిపారంతే. సభ్యత్వం అన్నయ్య పేరు మీదకు మారింది. ఆ నిర్ణయం జరిగిన సమావేశంలో మా అమ్మలాంటి వాళ్ళ మాట ఎవరికీ గుర్తొచ్చి వుండదు.

ఇక మన చట్టం సంగతి. 1960 పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ చేయకుండా బకాయిలు పెట్టడం ఏళ్ళుగా వార్తల్లో చూస్తున్నదే. రాజ్యాంగం 11వ షెడ్యూలు గ్రంథాలయాలను పంచాయతీల విషయాల్లో పేరు పెట్టి చేర్చింది. మున్సిపాలిటీలకు సంబంధించిన 12వ షెడ్యూలులో ఆ పేరు లేదు, విద్యా సాంస్కృతిక విషయాలన్న మాట మాత్రమే వుంది. స్థలం ఒకరిది, గ్రంథాలయం నడిపేది మరొకరు అయినచోట, అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకోవడం సులువు. ఇక నిర్ణయాన్ని ప్రశ్నించే ప్రత్యేక కమిటీ మాటే లేదు. కౌన్సిల్ ఎజెండాలో ఎన్నో అంశం కిందో ఒక్క వాక్యంగా వచ్చి, చేతులెత్తడంతో ముగిసిపోతుంది.

కానీ ఆ చేతుల్లో సగం స్త్రీలవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపల్ కౌన్సిళ్ళలో సగం స్థానాలు మనవి. భర్తలు చెప్పినట్టు సంతకాలు పెడతారని ఎగతాళి చేసే వాళ్ళకు ఇవ్వవలసిన జవాబు ఇలాంటి అంశాల దగ్గరే వుంది. కమిటీ లేకపోతే మనమే ఆ పరిశీలన చేయాలి. గ్రంథాలయాన్ని కదిపే ప్రతిపాదన వచ్చినప్పుడు మనం అడగవలసినవి ఇవి: ఇప్పుడు వస్తున్న వాళ్ళెవరు, అందులో ఆడపిల్లలెందరు? కొత్త చోటికి బస్సు వుందా, దారిలో దీపాలున్నాయా, లోపల వాడుకోదగ్గ మరుగుదొడ్డి వుందా? తెరిచివుండే వేళలు ఎవరి పనివేళలకు కుదురుతాయి? ఖాళీ అయిన స్థలం ఎవరికి, ఎంతకు, ఎన్నేళ్ళకు ఇస్తున్నారు? కట్టడానికి కాక నడపడానికి ఏటా ఎంత కేటాయించారు? పాత భవనం తలుపులు మూసేలోగా కొత్తది తెరుస్తారా? సెస్సు బకాయి ఎంత?

వీటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే తీర్మానం వాయిదా వేయమని మన కార్పొరేటర్ల చేత, కౌన్సిలర్ల చేత అడిగించాలి. ఎజెండా కాపీలు, బకాయి లెక్కలు 2005 సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవాలి. గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయిల దగ్గరకు వెళ్ళి వాళ్ళ మాట రాసుకోవాలి. కౌన్సిల్ ముందు పెట్టడానికి అంతకన్నా బలమైన పత్రం లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో సాయంత్రం వేళ దీపం చుట్టూ కూర్చున్న స్త్రీలు ఒక వాచకంలోని పాఠం చదివారు, తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళకు భవనం లేదు. నడిచి వెళ్ళగలిగిన దూరంలో కూర్చునే చోటు, చదవడానికి ఒక పుస్తకం, మాట్లాడుకోవడానికి తోటి స్త్రీలు వున్నారు. పట్టణం మధ్య నుంచి గ్రంథాలయాన్ని కదిపేటప్పుడు కదిలిపోయేది ఆ చోటే. దాన్ని ఎటు కదుపుతున్నారో అడిగే హక్కు మనది. మీ ఊళ్ళో తదుపరి కౌన్సిల్ సమావేశం ఎప్పుడో కనుక్కోండి.