ఎరువు మీకు, దురద మాకు (చెరువు మాటలు – 6)



పోయిన వారం ఒక తమ్ముడు నాకో వీడియో పంపాడు. ఎమ్మెస్సీ చదువుతున్నాడు, మనవాడే. కింద ఇలా రాశాడు: "అన్నా, చెరువులో గుర్రపుడెక్క తీసి ఎరువు చేస్తున్నారు. దీన్నయినా మెచ్చుకుంటావా? ఇందులో కూడా నీకు కులమే కనపడుతుందా?"

తమ్ముడూ, ఆ ఎరువును మెచ్చుకుంటాను. కులం కూడా కనపడింది. రెండూ చెబుతాను, ఓపిగ్గా చదువు.

వీడియో రెండు నిమిషాలు. మొదట పచ్చటి చెరువు, ఊదారంగు పూలు. తర్వాత నల్లటి ఎరువు, దాన్ని దోసిట్లోకి తీసుకుని వాసన చూస్తున్న ఒక తెల్ల చొక్కా. చివర్న సంచి, సంచి మీద ఆకు బొమ్మ. పచ్చటి చెరువుకీ నల్లటి ఎరువుకీ మధ్య ఏం జరిగిందో వీడియోలో లేదు. డెక్క తనంతట తానే లేచి గట్టెక్కి, కుళ్ళి, సంచిలో దూరినట్టుంది.

అందుకని ఆదివారం నేనే వెళ్ళాను. హైదరాబాద్ శివారు చెరువు. పేరు రాయను. రాస్తే ముందు పోయేది ఆ పనిచేసే వాళ్ళ కూలి. డెక్కను ఏరే యంత్రం ఉంది, గట్టు పక్కన ఆగి ఉంది. లోతున్న చోట తిరుగుతుందట. గట్టు వారన, రాళ్ళ మధ్య, మురుగు వచ్చి కలిసే మూలన మాత్రం మనుషులే దిగాలి. నలుగురు మగవాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళేసి లాగుతున్నారు. ఆరుగురు ఆడవాళ్ళు తట్టలకెత్తి మోస్తున్నారు. ఎవరి చేతులకూ గ్లౌజులు లేవు. "ఇచ్చిన్రన్నా, రెండు దినాలకే చినిగినయ్" అంది ఒక అక్క. మోచేతుల దాకా దద్దుర్లు. "రాత్రి నిద్ర వడ్తలేదు, గోకుడే గోకుడు."

మీరెవరని అడిగాను. ఎనిమిది మంది మాదిగలు, ఇద్దరు ముదిరాజ్‌లు. తెల్ల చొక్కాది ఏ కులమో నేను అడగలేదు. ఆయన్ని ఎవరూ అడగరు.

ఆ దురద ఎక్కడిది? గుర్రపుడెక్క కణాల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చేమదుంప తరిగితే చేతులు జిలపెట్టేదీ వాటివల్లే. దానికి మురుగునీళ్ళు తోడు. గీరుకుపోయిన చర్మం, అందులోకి మురుగు. ఏం జబ్బులొస్తాయో డాక్టరీ చదివే చెల్లెళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ చట్టం చేసిన చిత్రం చూడండి. 2013లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. అందులో 'ప్రమాదకరమైన శుభ్రత' అంటే రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలవలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం. మురుగు కాలవలో మనిషి చనిపోతే ఆ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ అదే మురుగు పైపు చివరిదాకా వచ్చి చెరువులో పడగానే దాని పేరు మారిపోతుంది. పైపులో ఉన్నంతసేపు మురుగు, చెరువులో పడ్డాక 'జలవనరు'. అందులో నడుం లోతు దిగిన మనిషి పారిశుధ్య కార్మికుడు కూడా కాదు. 'సుందరీకరణ కూలీ'. మాన్‌హోల్ మూత తీసి దిగితే నేరమైన పని, మూత లేనిచోట దిగితే పర్యావరణ సేవ!

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగితే అగ్రకులాలు కర్రలెత్తాయి. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మన వాళ్ళు తాగే నీళ్ళ దగ్గరే. ఆ నీళ్ళను పాడు చేయొద్దన్నందుకు, మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తినందుకు, జులై 17న మాదిగపల్లె మీద పడి చంపారు. నీళ్ళు నీళ్ళలా ఉన్నప్పుడు మనల్ని ముట్టుకోనివ్వలేదు. మురుగయ్యాక నడుం లోతు దింపుతున్నారు. ఈ మధ్యలో మారింది చెరువే. కులం కాదు.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది కృష్ణా డెల్టా. ఎండాకాలం కాలవ కట్టేస్తే కాంట్రాక్టరు మా పల్లె వాళ్ళని పెట్టి డెక్క తీయించేవాడు. తీసిందంతా ఎక్కడ పోసేవాడు? మా పల్లె ముందరి గట్టు మీదే. ఊరి ముందర పోస్తే ఊరు ఊరుకోదు కదా. నెలరోజులు కంపు, దోమలు. మా అమ్మ ఆ కుళ్ళిన దాన్ని తట్టతో తెచ్చి, పొయ్యి బూడిద, పేడ కలిపి సొరపాదు కింద వేసింది. ఆ ఏడు మా చూరు మీద కాసిన సొరకాయలు పల్లె అంతా పంచినా మిగిలాయి. మర్నాటి ఏడు ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు వేశారు. మూడో ఏడు ఒక కామందు చూశాడు. ట్రాక్టరు తోలించి గట్టు మీదున్న డెక్కంతా తన అరటితోటకు కొట్టించుకున్నాడు. అందులోకి ఎత్తింది మా అమ్మే, కూలికి. ఆ ఏడు మా సొరపాదుకి తట్టెడు కూడా మిగల్లేదు. అమ్మ అడిగితే ఆయన అన్నమాట: "కాలవ గవర్నమెంటుది, మీదేంటే?"

కంపు కొట్టినన్నాళ్ళు అది మాది. ఎరువని తెలిశాక గవర్నమెంటుది. తమ్ముడూ, నీ వీడియో చూసినప్పుడు నాకు వినపడింది ఆ మాటే.

ఇంకో లెక్క చెబుతాను. గుర్రపుడెక్కలో దాదాపు 95 శాతం నీళ్ళే. వంద కిలోలు మోస్తే ఎండు సరుకు ఐదు కిలోలు. "ఎరువు అమ్మితే ఏమొస్తుంది, కూలి ఎక్కడ పెంచుతాం" అని అక్కడి సూపర్‌వైజరు నాతో అన్నది ఈ లెక్క మీదే. అయ్యా, వాళ్ళు మోసింది వంద కిలోలు. నువ్వు లెక్కగట్టేది ఐదు కిలోలకు. చెరువు బాగుచేయడం ప్రజల పని. దాని కూలి ఎరువు సంచి రేటులోంచి ఎందుకు రావాలి? మురుగు వదిలినవాడి దగ్గర్నుంచి రావాలి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని 1996లో వెల్లూరు తోళ్ళ ఫ్యాక్టరీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ఈ డెక్క ఎందుకు పెరుగుతుంది? దీని పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. పూలు బాగున్నాయని తెచ్చుకుంటే 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌లో దిగింది. 1936 నాటికి దాన్ని వదిలించుకోడానికి అక్కడ చట్టమే చేయాల్సి వచ్చింది. మన చెరువుల్లో దానికి తిండి మన మురుగే. నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు బురదలో 15, 20 ఏళ్ళు బతికే ఉంటాయి. పైన అపార్ట్‌మెంట్లు మురుగు వదులుతూనే ఉంటే కింద మనవాళ్ళు డెక్క తీస్తూనే ఉండాలి. మురుగు ఆపకుండా ఎరువు చేయడమంటే మన వాళ్ళకి తరతరాల ఉద్యోగం రాసివ్వడమే. రిజర్వేషన్ల మీద ఏడ్చేవాళ్ళెవరూ ఈ ఉద్యోగంలో వాటా అడగరు.

ఎరువు చేయడం తప్పని నేననడం లేదు. పద్ధతిగా చేస్తే బంగారం. పువ్వు గింజ కట్టకముందే తీయాలి. రెండు మూడు రోజులు గట్టున వాడనివ్వాలి. ముక్కలు కొట్టి, పేడనీళ్ళు, మట్టి పొరలుగా వేయాలి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి, అప్పుడే గింజ చస్తుంది. పది పదిహేను రోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు. 1931లో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్ పద్ధతి మీద పుస్తకం వేశారు, ప్రపంచమంతా చదివింది. అంతకుముందు ఎన్ని వందల ఏళ్ళు ఈ దేశంలో పేడ ఎత్తి, పెంటకుప్ప తిరగేసి, చేలకు మోసిన చేతులు ఎవరివో ఆ చేతుల వాళ్ళకి తెలుసు. 'పెంట' అన్నంతకాలం అది మాదిగోడి పని. 'ఆర్గానిక్' అన్నాక దానికి ఎండీలు, సీఈఓలు.

ఒక హెచ్చరిక కూడా. ఈ డెక్క వేర్లు సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలను పీల్చి దాచుకుంటాయి. ఆకు కుళ్ళుతుంది, లోహం కుళ్ళదు. కుప్ప తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) కింద పట్టణ కంపోస్టులో కిలోకి కాడ్మియం 5, క్రోమియం 50, సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ సంచి మీద ఆకు బొమ్మ ఉంది, పరీక్ష రిపోర్టు లేదు. నేనడిగితే "చేయిస్తాం సార్" అన్నారు. ఈలోగా మొదటి సంచులు 'ఉచితంగా' వెళ్ళింది పక్క బస్తీలో ఆకుకూరలు పండించే వాళ్ళకి. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చెరువు డెక్కను తిండిపంటకు వేయకూడదు. పల్లెటూరి కాలవ డెక్క వేరు, పారిశ్రామికవాడ కింది చెరువు డెక్క వేరు. పరీక్ష చేయకుండా పంచేది దానం కాదు.

మరేం చేయాలంటావా? జహీరాబాద్ వైపు వెళ్ళి చూడు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత ఆడవాళ్ళే. వాళ్ళ చేలు, వాళ్ళ విత్తనాలు, వాళ్ళ ఎరువు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ తట్ట మోసిన మనిషీ చేను గల మనిషీ ఒకరే. తేడా అంతా అక్కడుంది.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. మురుగు కలిసే చోట మనిషి దిగకూడదు, ఆ మూలకి సరిపడే యంత్రం తేవాలి. చెరువు శుభ్రతను కూడా ప్రమాదకర పనుల్లో చేర్చి చట్టాన్ని సవరించాలి. కూలి మోసిన బరువుకి కట్టాలి, ఆ డబ్బు మురుగు వదిలేవాళ్ళ దగ్గర వసూలు చేయాలి. ఎరువు కుప్ప మీద హక్కు ఆ డెక్క తీసిన దళిత ఆడవాళ్ళ సంఘానికీ ఆ చెరువు మీద బతికే మత్స్యకారులకీ రాసివ్వాలి. ప్రతి సంచి మీద పరీక్ష ఫలితం అచ్చేయాలి.

తమ్ముడూ, నువ్వు చదివేది కెమిస్ట్రీ. ఆ సంచి ఎరువు పావుకిలో తెచ్చాను, నా గదిలో ఉంది. మీ ల్యాబులో లోహాల పరీక్ష చేయించగలవా? ఆ రిపోర్టు పట్టుకుని ఇద్దరం ఆ అక్కల దగ్గరికి వెళదాం. రిపోర్టు ముందు చూడాల్సింది వాళ్ళే.

ఏం తేలినా వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.