యెరికో గోడలు, బోధన్ రాళ్లు



"యెరికో గోడలు కూలనే లేదు, బైబిల్‌లో తహ్రీఫ్ జరిగిందనడానికి ఇదే దలీల్" అని మన నిజామాబాద్, బోధన్ గ్రూపుల్లో ఒక మెసేజ్ జోరుగా తిరుగుతోంది. మాషా అల్లాహ్ అంటూ ముందుకు పంపుతున్నవాళ్లలో టీచర్లు కూడా ఉన్నారు. నేను సాఫ్‌గా చెబుతున్నాను: ఈ దలీల్ కచ్చాది.

యెహోషువ గ్రంథం 6వ అధ్యాయం ప్రకారం బూరలు ఊదగానే గోడలు కూలాయి, పట్టణాన్ని తగలబెట్టారు. 1930లలో జాన్ గార్‌స్టాంగ్ అక్కడ తవ్వి, కూలిన గోడ దొరికింది, అది యెహోషువ నాటిదే అన్నాడు. పాదరీలు ఖుషీ అయ్యారు. 1952 నుంచి 1958 దాకా కేథ్లీన్ కెన్యన్ మళ్లీ తవ్వితే, ఆ గోడ అంతకు సుమారు వెయ్యేళ్ల ముందుదని తేలింది. పట్టణం కాలిన మాట నిజమే, కాని అది క్రీస్తుపూర్వం 1550 ప్రాంతంలో. యెహోషువ కాలంగా ఎక్కువమంది చెప్పే 13వ శతాబ్దంలో అక్కడ కోటగోడ ఉన్న జాడ లేదు.

మెసేజ్ ఇక్కడే ఆగిపోతుంది. కెన్యన్ ఆగలేదు. కాలిన పట్టణం తర్వాతి పొరలు చాలావరకు వానలకు కొట్టుకుపోయాయని, 14వ శతాబ్దపు ఇల్లొకటి కొద్దిగా మిగిలిందని కూడా రాసింది. మట్టి ఖామోష్‌గా ఉంటే ఏమీ జరగలేదని అర్థమా? మన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. రేపెప్పుడో అక్కడ తవ్వేవాడికి బూడిద పొర దొరకదు. ఊరికేమీ కాలేదని రాసుకుంటాడేమో! చెరకు రైతునడిగితే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆ యెహోషువ ఎవరనుకున్నారు? హజ్రత్ యూషా బిన్ నూన్ అలైహిస్సలామ్. ఆయన ఫతహ్ ముచ్చట మన కితాబుల్లోనూ ఉంది. ఖుర్ఆన్‌లో బనీ ఇస్రాయీల్‌ను ప్రవేశించమన్న బస్తీ అరీహా, అంటే ఈ యెరికోయే అన్న ముఫస్సిర్లు ఉన్నారు. ఎవరి మీద నవ్వుతున్నాం మనం?

ఇదే తరాజూలో మన సరుకూ తూచండి. సౌదీలోని మదాయిన్ సాలిహ్ ఫోటోలు పెట్టి "సమూద్ జాతి ఇళ్లు చూడండి" అని పంపుతాం. ఆ కొండల్లో చెక్కినవి నబాతీయుల సమాధులు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు తేదీలు వాటి ద్వారాల మీదే చెక్కి ఉన్నాయి. నా ఈమాన్‌కు దీనివల్ల ఏ నష్టమూ లేదు. అది ఆ ఫోటోల మీద నిలబడింది కాదు కదా. కానీ కెన్యన్ మాట పత్తర్ కీ లకీర్ అన్నవాళ్లు ఈ శాసనాల దగ్గర తల తిప్పుకుంటే ఇన్సాఫ్ ఎక్కడుంది? సూరయె నిసా 135వ ఆయత్ ఒకసారి తర్జుమాతో చదవండి. గవాహీ మనకు వ్యతిరేకంగా ఉన్నా ఇవ్వాలనే దాని హుకుం.

అంత దూరమెందుకు, బోధన్‌లోని దేవల్ మసీదు చూడండి. నక్షత్రం ఆకారంలో కట్టడం, చెక్కిన స్తంభాలు. రాష్ట్రకూటుల నాటి జైన మందిరమని, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మసీదైందని చరిత్రకారులు అంటారు. పేరులోనే దేవల్ ఉంది. హక్కుల సంగతి వేరు, దాన్ని కాగితాలు, కోర్టులు చూసుకుంటాయి. కానీ "మొదటి నుంచీ మసీదే" అని పిల్లలకు చెప్పేవాళ్లను నేను విన్నాను. యెరికో మట్టిని గవాహ్‌గా పిలిచి, బోధన్ రాయి నోరు నొక్కుతామా? ఆ మెసేజ్ పంపేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పండి.