పొగమంచులో చేతి గడియారం



మన సంఘంలోనే పెరిగి, ఇప్పుడు ఉత్తర ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న యౌవనస్థుడొకడు మొన్న రాత్రి ఫోను చేశాడు. ఇంటి క్షేమ సమాచారాలు అయ్యాక కాసేపు ఊరుకుని, "అయ్యగారూ, పరుగు పందెంలో ఒక తప్పు చేశాను, మీతో చెప్పాలి" అన్నాడు. ఏ మందో మింగి పరుగెత్తాడేమోనని నా గుండె గుభేలుమంది. అదేమీ కాదు. చేతి గడియారం చూశాడట!

గడియారం చూస్తే తప్పేమిటని మీరూ అడుగుతారు. నేనూ అడిగాను. అతడు అరగంట చెప్పాక గాని నాకు బోధపడలేదు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు రాయను, ఆ పోటీ ఏదో కూడా చెప్పను.

ఆ ప్రాంతంలో చెట్లు లేని, గొర్రెలు మేసే ఎత్తైన కొండలను "ఫెల్" అంటారు. వెయ్యేళ్ళ కిందట నార్వే వైపు నుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు విడిచిపోయిన మాట అది. ఆ కొండలెక్కి దిగే పరుగు పందెమే ఫెల్ రన్నింగ్. దానికి 1970లో ఏర్పడిన సంఘం కూడా ఉంది. మన ఊళ్ళో ఆటల పోటీలకు సున్నంతో గీతలు గీస్తాం గదా, అక్కడ చాలా పోటీలకు గీతలుండవు. ఫలానా శిఖరం, ఆ తరువాత ఫలానా కనుమ అని చెబుతారు. అక్కడక్కడ మనుషులు నిలబడి నంబరు రాసుకుంటారు. మధ్యలో ఏ దారిని పోవాలన్నది పరుగెత్తేవాడే తేల్చుకోవాలి. బోరోడేల్ అనే లోయలో జరిగే పందెమే చూడండి. సుమారు 17 మైళ్ళు. ఇంగ్లండులో అన్నిటికంటె ఎత్తైన స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, ఆ దారిలోనే ఉంది. దాని నెత్తి మీద రాళ్ళ గుట్టలు తప్ప కాలిబాట స్పష్టంగా కనబడదు. మబ్బు దిగితే పది అడుగుల అవతల మనిషి ఆనడు. తప్పు వైపు దిగాడా, వేరే లోయలో తేలతాడు. తిరిగి రావాలంటే మళ్ళీ కొండెక్కాలి, లేదా రోడ్డున ఎన్నో మైళ్ళు చుట్టి రావాలి.

అందుకే పెద్ద పోటీలకు పటం, దిక్సూచి, ఈల, వాన కోటు, కాస్త ఆహారం వెంట ఉండాలంటారు. కాళ్ళ బలం ఎంత ముఖ్యమో దారి కనిపెట్టే నేర్పూ అంత ముఖ్యం. కొండల రాజని పేరుపొందిన జాస్ నేలర్ వాస్‌డేల్‌లో గొర్రెల కాపరి. 1975లో 24 గంటలు నిండకుండా 72 శిఖరాలెక్కి దిగాడు. 2024లో, 88వ ఏట చనిపోయాడు. తప్పిపోయిన గొర్రె కోసం చిన్ననాటి నుండి తిరిగినవాడికి ఆ కొండలు అరచేతిలో గీతల్లాంటివి.

ఇప్పుడు గడియారం సంగతి. భూమికి ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను పట్టుకుని, మనం ఎక్కడున్నామో లెక్కగట్టే పద్ధతి జీపీఎస్. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందాలి. అమెరికా సైన్యం కోసం తయారైన ఈ ఏర్పాటు 1995 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేవారు. 2000 మే నెలలో అది ఆపేశారు. నేడు చేతి గడియారంలోనే ఇమిడిపోయింది. పోవలసిన దారిని ముందే అందులో ఎక్కించుకుంటే, తెర మీద గీత కనిపిస్తుంది, పక్కకు తప్పితే మణికట్టు మీద జిలజిలమంటుంది. పరుగెత్తిన దూరాన్ని, కాలాన్ని రాసుకోవడానికి మాత్రమే వాడితే చాలామంది అభ్యంతరం చెప్పరు. దారి చూపించుకోవడం దగ్గరే తగవు. కొన్ని పోటీల్లో నిషేధం, కొన్నిటిలో అనుమతి. మన అబ్బాయి పరుగెత్తిన పోటీలో నిషేధం.

జరిగింది ఇది. ఒక కనుమ దగ్గర పొగమంచు కమ్మింది. ముందు ఒక పెద్దాయన ఆగి, పటం విప్పి, దిక్సూచి పెట్టి చూస్తున్నాడు. ఇతడు చొక్కా చెయ్యి కొంచెం పైకి లాగి గడియారం చూశాడు, ఎడమకు తిరిగి దిగిపోయాడు. ఆ పెద్దాయన ఇరవై నిమిషాలు వెనుకగా వచ్చి, నవ్వుతూ "బాగా దారి పట్టావు" అని భుజం తట్టాడట. బహుమతి వచ్చింది లేదు, వచ్చిన స్థానం నూటికి పైన. "ఎవరికి నష్టం అయ్యగారూ? అయినా ఆ మాటకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు" అన్నాడు.

ఒక వాదన కూడా చేశాడు, అది న్యాయంగానే ఉంది. "అక్కడి వాళ్ళకు ప్రతి రాయీ తెలుసు. సెలవు రోజుల్లో పోయి దారి చూసి వస్తారు. నాకు రాత్రి డ్యూటీలు, కారు లేదు. గడియారం నన్ను వాళ్ళతో సమానం చేసింది, అంతేగదా? పైగా ముందు పోయేవాడి వీపు చూస్తూ పరుగెత్తేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు!" ఈ చివరి మాటకు నాకు నవ్వొచ్చింది. నిజమే, పరుల బుద్ధిని అరువు తెచ్చుకోవడంలో అదేమీ తక్కువ కాదు. కాకపోతే ముందువాడు దారి తప్పితే వెనుక పదిమందీ తప్పుతారు, అది అందరికీ తెలిసిన జూదమే. డ్యూటీల సంగతిలో నేను అతని పక్షమే. కాని ఆ మాట పేరు నమోదు చేసుకునేటప్పుడు నిర్వాహకులతో అనవలసింది. వాళ్ళు ఒప్పుకుంటే గడియారం చూడడంలో తప్పేలేదు. మంచులో, ఎవరూ చూడనప్పుడు, తనకు తానే అనుమతి ఇచ్చుకున్నాడు. అక్కడ అంపైరు లేడు, కెమెరా లేదు. ఆ నియమం నిలబడేది పరుగెత్తేవాళ్ళ మాట మీదనే.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నిజాయితీ పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకునేవారూ ఉంటారు. 2008 అక్టోబరు 25న ఆ బోరోడేల్‌లోనే, 1968 నుండి జరుగుతున్న రెండు రోజుల కొండ పోటీ తుఫానులో చిక్కి ఆగిపోయింది. రెండు వేలకు పైగా మనుషులు కొండల మీదున్నారు. సుమారు 1,700 మంది జాడ తెలియలేదని రేడియోలు, టీవీలు హోరెత్తించాయి. చివరికి అందరూ దొరికారు, ఒక్కరూ చనిపోలేదు. ఆ పోటీలో జీపీఎస్‌తో దారి వెతకకూడదు. గుడారం, వెచ్చని బట్ట, ఆహారం వీపున ఉన్నాయి, ఎటు దిగాలో చాలామందికి తెలుసు. యంత్రానికి చలిలో బ్యాటరీ నీరసిస్తుంది, తడి వేలికి తెర పలకదు. ముందుగా ఎక్కించిన దారి వదిలి అడ్డంగా పోతే, కింద నిట్టనిలువు బండ ఉందని ఆ బాణం గుర్తు చెప్పదు.

అట్లాగని యంత్రాన్ని ఇంట్లో వదిలి పొమ్మనను. కాలు విరిగి పడిపోయిన మనిషి ఎక్కడున్నాడో ఫోను ద్వారానే కనిపెట్టి, జీతం లేని స్వచ్ఛంద రక్షక దళంవారు చేరుకుంటున్నారు. అతనితో ఇట్లా అన్నాను: "నాయనా, సంచి అడుగున పెట్టుకో. నిజంగా దారి తప్పి, ఒళ్ళు వణికి, భయం పుట్టిందా, తీసి చూడు, ఒక్క క్షణం సందేహించకు. కిందికి దిగాక, నంబరు రాసేవారి దగ్గరికి పోయి 'నేను చూశాను, నా పేరు తీసెయ్యండి' అని చెప్పు." నిర్వాహకులు కూడా అట్లా చెప్పినవాడిని తక్కువగా చూడకూడదు. చూస్తే, రేపు మరొకడు సిగ్గుపడి, యంత్రం సంచిలో ఉండగానే చలికి కొయ్యబారిపోతాడు. ఏ ఆటకూ అంత ఖరీదు లేదు.

"నాకు ఆ రోజు భయం వెయ్యలేదు అయ్యగారూ, తొందర వేసింది" అన్నాడు. అతడే తేల్చాడు. నేను ఏమీ అనలేదు.

మరునాడు నిర్వాహకులకు ఉత్తరం రాశాడు. వారంలో జవాబు వచ్చింది. జాబితాలో నుండి పేరు తీసేశారు, చెప్పినందుకు వందనాలని రాశారు, వచ్చే ఏటి పోటీ తేదీ కూడా అందులోనే వేశారు. ఆ భుజం తట్టిన పెద్దాయన చిరునామా అడిగితే, ఆయనే ఒక ఆదివారం మధ్యాహ్నం పటం చదవడం నేర్పుతానన్నాడట. దిక్సూచి కొన్నాడు. వాళ్ళమ్మ మాత్రం అవన్నీ పక్కన పెట్టి, ఆ కొండ మీద వేసుకోవడానికి స్వెట్టరు ఉందో లేదో నన్ను కనుక్కోమంది.