తలలు లెక్కపెట్టే చోటు

అమృతలూరు మండలం ఇప్పుడున్న వేమూరు నియోజకవర్గానికి మన రాజ్యాంగ చరిత్రలో కాస్త ఇబ్బందికరమైన చోటే ఉంది. 1983లో అక్కడ తెలుగుదేశం టికెట్టు మీద గెలిచిన నాదెండ్ల భాస్కరరావును 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రిని చేశారు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీ రామారావును దించేశారు. మెజారిటీ తనదేనంటూ ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్లారు, ఆ తర్వాత చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లారు. సెప్టెంబరు 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. ఈ కథను మనం వెన్నుపోటుగా, ప్రజా విజయంగా చెప్పుకుంటాం. నా లెక్కలో అసలు తగువు అంతకన్నా చిన్నది, పదునైనది: ఎమ్మెల్యేల తలలు ఎవరు, ఎక్కడ లెక్కపెట్టాలి?

రాజ్యాంగం 164వ అధికరణలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. గవర్నర్‌కు ఇష్టమున్నంత కాలం మంత్రులు పదవిలో ఉంటారు. మంత్రివర్గం సమష్టిగా శాసనసభకు జవాబుదారీ. మొదటి మాటే పట్టుకుంటే రామ్‌లాల్ చేసినదాంట్లో తప్పు పట్టలేం. రెండోది కలిపి చదివితే, సభ ఇష్టం తప్ప గవర్నర్‌కు వేరే ఇష్టం లేదని తేలుతుంది. రాజ్‌భవన్ గదిలో వేసిన లెక్క తప్పని బయటివాడు నిరూపించేదెలా? సభలో లేచిన చెయ్యి అందరికీ కనిపిస్తుంది. బలం తేలాల్సింది సభలోనేనని 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. అయితే అది పదేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట.

ఎన్టీఆర్‌ను నిలబెట్టింది రాజ్యాంగం కాదు, రోడ్డెక్కిన జనమే అనేవారున్నారు. సగం నిజం. జనం కదలకపోతే రామ్‌లాల్ పోయి గవర్నర్‌గా శంకర్ దయాళ్ శర్మ వచ్చేవారా అన్నది అనుమానమే. కానీ భాస్కరరావు గద్దె దిగింది సభలో బలం చూపలేక. జనం గొంతుకు సభ అనే ఆ తలుపు లేకపోతే ఎంత అరిచినా అరుపుగానే మిగిలేది. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది: సభను కూడా కొనేయొచ్చుగా? నిజమే. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను కర్ణాటకలోని నంది హిల్స్‌లో కాపలా మధ్య ఉంచాల్సి వచ్చిందంటే, సొంత మనుషుల మీద ఎంత నమ్మకముందో తెలుస్తూనే ఉంది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినా క్యాంపు రాజకీయాలు ఆగలేదు. అయినా అమ్ముడుపోయినవాడు సభలో పేరుతో సహా దొరుకుతాడు, మళ్లీ ఓటు కోసం మన ఊరికే రావాలి. గవర్నర్‌కు ఆ బెడద లేదు.

ఇక ఈ సూత్రం మనకు నచ్చిన మనిషినే కాపాడుతుందనుకుంటే పొరపాటు. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ సొంత పార్టీ ఎమ్మెల్యేలు ఎక్కువమంది చంద్రబాబు వైపు వెళ్లారు. సభను రద్దు చేయమని ఎన్టీఆరే అడిగారు. గవర్నర్ కృష్ణకాంత్ ఒప్పుకోలేదు, సభలోనే బలం చూపమన్నారు. ఆగస్టు 31న, ఆ పరీక్ష దాకా పోకుండానే, ఎన్టీఆర్ రాజీనామా ఇచ్చారు.